అదను తప్పిన సాయం
(స్మారకోపన్యాస పాఠం)



ఈ వేదిక వెనక కట్టిన గుడ్డ మీద, మనం ఇవాళ స్మరించుకుంటున్న పెద్దాయన పూర్తి పేరు, చదువు, పుట్టిన రోజు, పోయిన రోజు అన్నీ రాసి ఉన్నాయి. కుందూ ఒడ్డున మా నాలుగూళ్లలో ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్లు లేరు. బడిలో మాకు ఆయన అయివారు. సాయంత్రం చేని గట్టు మీద కనబడినా అయివారే. రిటైరయ్యాక ఇరవై యేండ్లు సొంతంగా సేద్యం చేసినప్పుడూ అయివారే. ఈ ఉపన్యాసంలోనూ నేను అలాగే అంటాను, మన్నించండి.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం 'నేటి రైతు సమస్యలు, ప్రభుత్వ విధానాలు'. గంటలో తెమిలే విషయం కాదిది. అందుకని అయివారు పోయాక వాళ్ల పెద్దబ్బాయి నా చేతిలో పెట్టిన నోటుపుస్తకం ఒకటి పట్టుకొచ్చాను. దీన్ని దాటి పెద్దగా పోను.

ఇది బడిపిల్లల నోటుపుస్తకమే. ఎడమ పేజీలో వాన. ఏ కార్తెలో ఎన్నో రోజు, పొద్దున పడిందా సాయంత్రం పడిందా, నేల ఎంత లోతు తడిసింది. 'జానెడు పదును', 'దుక్కి పదును', 'పై తడుపు, లాభం లేదు'. మిల్లీమీటర్లు ఎక్కడా లేవు. మండలాఫీసులో వానమాపకం ఉందిగదా అయివారూ అని నేనొకసారి అంటే, 'ఆఫీసులో పడిన వాన ఆఫీసుకు, నా చేనిలో పడిన వాన నాకు' అన్నారు. కుడి పేజీలో ఊరికి వచ్చినవి రాశారు. విత్తనకాయలు వచ్చిన రోజు, బ్యాంకు అప్పు చేతికందిన రోజు, కాలువకు నీళ్లు వదిలిన రోజు, బీమా డబ్బు పడిన రోజు, కొనుగోలు కేంద్రం తెరిచిన రోజు. రెండు పేజీల నడుమ ఆయన ఎర్రసిరాతో ఒక అంకె వేసేవారు. ఎడమ తేదీకి, కుడి తేదీకి మధ్య ఎన్ని రోజులు గడిచాయో ఆ అంకె. దాని కింద వ్యాఖ్య ఒక్కటి కూడా లేదు.

నేను ముప్పయ్యేళ్లకు పైగా పల్లె బ్యాంకుల్లో పనిచేసి బయటపడినవాణ్ని. ఎన్ని ఖాతాలకు ఎన్ని లక్షలు ఇచ్చామని నెలనెలా పైకి రాసి పంపేవాళ్లం. ఏ రోజున ఇచ్చామన్న గడి మా ఫారాల్లో ఉండేది కాదు. ఈ పుస్తకం చదివాకే ఆ లోటు నాకు తెలిసింది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒకటే. మన మెట్టసీమకు వచ్చే ప్రతి సాయాన్నీ, ప్రతి చట్టాన్నీ రూపాయలతో కొలవడానికి అలవాటుపడ్డాం. దాన్ని రోజులతో కొలవాలి.

సభలో పట్నాల నుంచి వచ్చిన పిల్లలున్నారు కాబట్టి రెండు మాటలు విడమరుస్తాను. పదును అంటే విత్తనం మొలవడానికి చాలినంత తేమ నేలలో ఉండడం. అదను అంటే ఆ తేమ చేయిజారకముందే పని జరిగిపోవడం. ఎర్రనేలల్లో, గరుసు నేలల్లో ఒక మంచి వానకు పట్టిన పదును మూడు నాలుగు రోజులకు మించి ఆగదు. ఎండకాస్తే ఇంకా తొందరగా ఆరిపోతుంది. నల్లరేగడి దారి వేరు. వాన పడిన మర్నాడు అందులో కాలు పెట్టలేం, గొర్రు దిగబడుతుంది. నేల కాస్త ఆరాలి. మరీ ఆరిందా, బీటలిస్తుంది. ఆ రెండింటి నడుమ దొరికే నాలుగైదు రోజుల్లోనే విత్తాలి. ముంగారిలో, అంటే ఖరీఫ్‌లో, ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో చెనిక్కాయ (వేరుశనగ), కంది, పత్తి. హింగారిలో, అంటే రబీలో, హస్త, చిత్త కార్తెల్లో శనగ, జొన్న. ఏడాదంతా కుటుంబం తినే అన్నం ఈ నాలుగైదు రోజుల మీద ఆధారపడి ఉంటుంది. కృష్ణా డెల్టాలో వారం ఆలస్యమైతే వారం తర్వాత నాటుకోవచ్చు. మా చేన్లకు ఆ వారం ఉండదు. రాష్ట్రమంతటికీ ఒకే జీవోలో ఒకే గడువు రాసేవాళ్లు ఈ తేడా పట్టించుకోరు.

బ్యాంకు సంగతి నేనే చెప్పాలి, వేరేవాళ్ల మీద పెట్టి చెప్పడం భావ్యం కాదు. పంట అప్పును ఏడాదిలోపు కట్టి మళ్లీ రాయించుకుంటే వడ్డీ రాయితీ. కట్టడానికి రైతు దగ్గర జూన్‌లో డబ్బెక్కడిది? ఎరువుల అంగట్లోనో, తెలిసిన షావుకారి దగ్గరో ఒకటి రెండు రోజులకు తెచ్చి పాత ఖాతా మూస్తాడు. కొత్త అప్పు చేతికి రాగానే అతనికి తిరిగి ఇస్తాడు. ఆ రెండు రోజులకూ లక్షకు ఇంత అని ముందే ముట్టజెప్పాలి. బ్యాంకు పుస్తకంలో అప్పు తీరినట్టూ, కొత్త అప్పు ఇచ్చినట్టూ కనబడుతుంది. చేనికి చేరింది మాత్రం ఏమీ ఉండదు. ఒక ఏడాది ఇలాగే పాత అప్పు కట్టేసి ఒకామె మా శాఖకు వచ్చింది. ముందురోజు రాత్రే వాన పడింది. అడంగల్‌లో విస్తీర్ణానికీ, పాసుపుస్తకంలో విస్తీర్ణానికీ కొద్ది సెంట్లు తేడా వచ్చిందని కాగితం వెనక్కి పోయింది. మర్నాడు సర్వరు లేదు. ఆ మర్నాడు ఆదివారం. 'పదునారిపోతాంది సార్, రేపన్నా ఇస్తారా' అని ఆమె అడిగింది నాకిప్పటికీ వినబడుతుంది. ఆరో రోజు డబ్బిచ్చాం. ఆమె విత్తింది. సగం గింజలు మొలవలేదు. మా రికార్డులో ఆ అప్పు 'సకాలంలో మంజూరు' కింద నమోదైంది. సంతకం నాదే.

ఇప్పటి సంగతికి వస్తాను. కేంద్రం ఇచ్చే 6,000, రాష్ట్రం ఇచ్చే 14,000 కలిపి ఏడాదికి 20,000 రూపాయలు అన్నదాత సుఖీభవ కింద రైతు ఖాతాలో వేస్తున్నారు. మంచి పని, కాదనను. అంతకుముందు ప్రభుత్వం రైతు భరోసా పేరుతో 13,500 ఇచ్చింది, అదీ మంచి పనే. 2025 ఖరీఫ్ లెక్క చూడండి. మొదటి విడత 7,000 పడింది 2025 ఆగస్టు 2న. అప్పటికి పునర్వసు దాటిపోయింది, చెనిక్కాయ విత్తేవాళ్లు విత్తేశారు. రెండో విడతను మన కడప జిల్లా పెండ్లిమర్రిలోనే నవంబర్ 19న విడుదల చేశారు. చిత్త కార్తె పోయి దాదాపు నెల. శనగ మొలిచి పైకి లేచింది. ఆ డబ్బు వడ్డీకి పోయిందో, పండక్కి పోయిందో, పిల్లల ఫీజుకు పోయిందో గానీ, విత్తనానికి మాత్రం పోలేదు. విత్తనానికి డబ్బు అప్పటికే నూటికి రెండు రూపాయల వడ్డీతో బయట తెచ్చారు. అదే 7,000 మే నెలాఖరుకు, సెప్టెంబర్ నెలాఖరుకు పడి ఉంటే ఖజానాకు ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చయ్యేది కాదు.

ఉల్లి గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. కర్నూలు యార్డును ఎరగనివాళ్లు ఈ సభలో లేరు. మన దగ్గర ముంగారి గడ్డ ఆగస్టు చివరి నుంచి యార్డుకు వస్తుంది. నీరు ఎక్కువ, తొక్క పలచన, నిల్వకు ఆగదు. మహారాష్ట్రలో రబీ గడ్డను చావిళ్లలో నెలల తరబడి ఆపుకుంటారు. మనవాళ్లకు గడ్డ పీకాక ఆగే దారి లేదు, ఆ వారంలోనే అమ్మాలి. 2025లో ఏం జరిగింది? ఆగస్టు ఆఖరుకు కర్నూలులో ధర కుప్పకూలింది. క్వింటాలు 1,200 రూపాయలకు మార్క్‌ఫెడ్ ద్వారా కొంటామని రాష్ట్రం ముందుకొచ్చింది. యార్డులో గుట్టలు పేరుకుపోయాయి. చివరకు సెప్టెంబర్‌లో హెక్టారుకు 50,000 రూపాయలు ఇస్తామని ప్రకటించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, సెప్టెంబర్ 4న, కేంద్రం ఢిల్లీలో బండ్లు పెట్టి తన నిల్వలోని ఉల్లిని కిలో 24 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. అప్పటికి ఆ నిల్వ 3 లక్షల టన్నులు. పట్నంలో తినేవాళ్లకు ధర పెరగకూడదన్నది దాని ఉద్దేశం, అందులో తప్పు పట్టను. అయితే ఆ నిల్వ తలుపు ఎప్పుడు తెరవాలని నిర్ణయించేవాళ్ల బల్లమీద కర్నూలు గడ్డ యార్డుకు వచ్చే తేదీ ఉందా? ఉన్నట్టు నాకు కనబడలేదు. ఢిల్లీ వీధిలో కిలో 24 పలికిన నాడు కర్నూలు యార్డులో కొన్ని లాట్లు రెండు మూడు రూపాయలకు కూడా పోలేదు. ట్రాక్టరు బాడుగ కూడా రాదని చేలోనే దున్నేసినవాళ్లున్నారు.

ఇది ఒక్క ఏడాది కథ కాదు. 2023 ఆగస్టు 19న ఉల్లి ఎగుమతి మీద 40 శాతం సుంకం వేశారు, మన గడ్డ చేలో ఊరుతున్న రోజులవి. డిసెంబర్ 8 నుంచి ఎగుమతినే నిషేధించారు. 2024 మే 4న నిషేధం తీశారు గాని సుంకం ఉంచారు. సెప్టెంబర్‌లో దాన్ని 20 శాతం చేశారు. పూర్తిగా ఎత్తేసింది 2025 ఏప్రిల్ 1న. నారు పోసినప్పుడు ఒక నిబంధన, నాటినప్పుడు ఇంకోటి, పీకేటప్పుడు మూడోది. ఇందులో రైతు ఏ లెక్క వేసుకోవాలి?

కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి కథ మరీ బాధాకరం. కేపీ ఉల్లి అంటాం. చిన్న గడ్డ, ఘాటు ఎక్కువ. మైదుకూరు ప్రాంతంలో పండించే ఈ గడ్డ మన వంటింట్లోకి రాదు. థాయిలాండ్, హాంకాంగ్, మలేసియా, శ్రీలంక, సింగపూర్‌లకు చెన్నై రేవు నుంచి పోతుంది. అక్కడివాళ్లు తింటారనే మనవాళ్లు పండిస్తారు. 2020 సెప్టెంబర్ 14న దేశంలో ఉల్లి ధర పెరిగిందని అన్ని రకాల ఎగుమతినీ ఒక్క కలంపోటుతో ఆపారు. కేపీ ఉల్లి ఆగిపోతే ఢిల్లీలో ఏ ఇంట్లో ధర తగ్గుతుంది? విన్నపాలు, ఉత్తరాలు, రాయబారాలు అన్నీ అయ్యాక అక్టోబర్ 9న బెంగళూరు రోజా గడ్డకూ, కృష్ణాపురం గడ్డకూ తలా 10,000 టన్నుల వరకు అనుమతి ఇచ్చారు, అదీ చెన్నై రేవు నుంచి మాత్రమే. తప్పు తెలుసుకుని సరిదిద్దడానికి 25 రోజులు పట్టింది. తడి గడ్డకు 25 రోజులంటే ఏమిటో గోతాలు మోసినవాళ్లనడగండి.

పత్తికీ, శనగకూ ఇదే గతి. ఆదోని యార్డు పరిసరాల్లో జూన్, జూలైలలో పత్తి విత్తినవాళ్లు బయటి దూది మీద 11 శాతం దిగుమతి సుంకం ఉందన్న లెక్కతో విత్తారు. 2025 ఆగస్టు 19 నుంచి ఆ సుంకం ఎత్తేశారు. సెప్టెంబర్ 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. మన తొలి, మలి ఏరుళ్లు రెండూ ఆ నెలల్లోనే. ఆ ఏడాది పొడుగు పింజకు క్వింటాలు 8,110 మద్దతు ధర ఉంది కదా అంటారు. ఉంది. దానికి ఫోన్‌లో కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు కావాలి, తేమ 12 శాతం దాటకూడదు. అక్టోబర్ వానల్లో తడిసిన దూదికి ఆ తేమ ఎట్లా కుదురుతుంది? ఆరబెట్టుకోవడానికి కల్లం లేనివాడు దళారీకే ఇస్తాడు. ఇక శనగ. 2023 డిసెంబర్‌లో, ఉల్లి ఎగుమతి ఆపిన ఆ వారంలోనే, పసుపు బఠాణీని సుంకం లేకుండా దిగుమతి చేసుకోవడానికి తలుపు తెరిచారు. కర్నూలు, కడప నల్లరేగళ్లలో అప్పుడు శనగ పూత మీదుంది. శనగపిండిలో బఠాణీపిండి కలుస్తుందని ఏ మిల్లువాడైనా చెప్తాడు. పొడిగింపుల మీద పొడిగింపులతో నడిపి 2025 నవంబర్ 1 నుంచి 30 శాతం సుంకం వేశారు. రెండు శనగ పంటలు ఆ నడుమ చితికిపోయాయి.

విధానం మారకూడదని నేననను. దేశమన్నాక ధరలు చూడాలి, ఎగుమతులు చూడాలి. విత్తనం నేలలో పడ్డాక, గింజ యార్డుకు చేరేలోపు ఆ పంట మీద నిబంధన మార్చొద్దు. తప్పనిసరై మారిస్తే, ఆ మార్పు వల్ల పడిన ధర తేడాను మార్చినవాళ్లే భరించాలి. ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. గుత్తేదారుతో ఒప్పందం రాసుకున్నాక ఏ ఆఫీసూ నడుమలో షరతు మార్చదు. రైతుతో ఒప్పందం కాగితం మీద లేకపోవచ్చు, విత్తనం రూపంలో నేలలో ఉంది.

కరువు ప్రకటన గురించి. 2023 ఆగస్టు నెల దేశంలో 1901 నుంచి చూస్తే అతి తక్కువ వాన పడిన ఆగస్టు. మన చేన్లు ఆ నెలలోనే వాడాయి. రాష్ట్రం 7 జిల్లాల్లో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది అక్టోబర్ ఆఖరులో. కేంద్ర బృందం చూడ్డానికి వచ్చింది డిసెంబర్‌లో. డిసెంబర్‌లో వచ్చినవాళ్లకు ఆగస్టులో ఎండిన చేను ఏం కనబడుతుంది? అప్పటికి పశువులు మేసేశాయి, కొందరు దున్నేశారు. ఇందులో అధికారుల అలసత్వం ఒక్కటే లేదు. 2016లో కేంద్రం రాసిన కరువు నిర్వహణ పుస్తకం ప్రకారం వాన లోటు, వానల మధ్య విరామం, ఆ తర్వాత ఉపగ్రహ చిత్రం, విత్తిన విస్తీర్ణం, నేల తేమ, జలాశయాల మట్టం, చివరకు పొలాల్లో తనిఖీ, ఇన్ని మెట్లెక్కాలి. ఖరీఫ్‌కు గడువు అక్టోబర్ 30. ఆ మెట్లన్నీ ఎక్కేసరికి ఇక్కడ మనిషి వలసపోయి ఊళ్లో ఉండడు.

బీమా సంగతీ అంతే. వరుసలు చెప్పి విసిగించను. ప్రధానమంత్రి ఫసల్ బీమా 2016 ఖరీఫ్‌లో వచ్చింది. మన రాష్ట్రం నడుమలో అందులోంచి తప్పుకుని ఉచిత బీమా నడిపింది, 2022లో తిరిగి చేరింది. ఇప్పుడు రైతు తన వాటా తాను కట్టాలి: ఖరీఫ్‌కు 2 శాతం, రబీకి 1.5, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5. గడువు తేదీ దాటి రెండు నెలలు ఆలస్యం చేస్తే కంపెనీ రైతుకు 12 శాతం వడ్డీ కట్టాలన్న నిబంధన 2018లోనే పెట్టారు. ఆ వడ్డీ తీసుకున్న రైతును ఇన్నేళ్లలో నేను ఒక్కరిని చూడలేదు. మీలో ఎవరైనా తీసుకుని ఉంటే లేచి చెప్పండి, సంతోషిస్తాను. రైతుకు వచ్చే సాయాల్లో ఆలస్యానికి ధర కట్టిన నిబంధన నాకు తెలిసి ఇది ఒక్కటే. దాన్ని అమలు చేయించుకోవడం దగ్గర మనం మొదలుపెట్టొచ్చు.

నీటి విషయంలో శ్రీబాగ్ ఒప్పందం పేరెత్తకుండా మన గడ్డ మీద ఏ ఉపన్యాసమూ ముగియదు. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో పెద్దలు సంతకాలు చేశారు, కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో రాయలసీమకు పదేళ్ల పాటు మొదటి హక్కు అని. ఆ తర్వాతి కథ మీకు కంఠతా వచ్చు. నేను ఒక్క మాటే కలుపుతాను: నీటి హక్కు కూడా రోజుల లెక్కే. శ్రీశైలంలో మట్టం 854 అడుగుల పైన ఉన్నన్ని రోజులే పోతిరెడ్డిపాడు దగ్గర మన కాలువకు తగినన్ని నీళ్లందుతాయి. వరద వచ్చేది కొన్ని వారాలు. ఆ వారాల్లో కాలువ ఎంత లాగితే అంతే మనది. కాలువ వెడల్పు, కింద గండికోట, బ్రహ్మంసాగర్ లాంటి జలాశయాల్లో నింపుకునే వీలు, వాటి నుంచి చేలదాకా పిల్లకాలువలు, ఇవన్నీ ఆ కొద్ది రోజులను పట్టుకునే పనిముట్లు. జలాశయం కట్టి పిల్లకాలువ తవ్వకపోవడం గొర్రు ఉండి ఎద్దులు లేకపోవడమే.

కేసీ కాలువ 1860లలో మద్రాసు కంపెనీ పడవలు నడపడానికీ, పొలాలు తడపడానికీ తవ్వింది. బచావత్ ట్రిబ్యునల్ దానికి 39.9 టీఎంసీలు కేటాయించింది. కాగితం మీద నీళ్లు గట్టిగానే ఉన్నాయి. సుంకేసుల నుంచి కడప దాకా రైతు ఏటా అడిగేది ఒకటే, నారు పోయమంటారా, వద్దంటారా. సలహామండలి సమావేశం జరిగి, నిర్ణయం పత్రికలో వచ్చేసరికి కొందరు నారు పోసి ఎండబెట్టుకుని ఉంటారు, కొందరు పోయక అదను పోగొట్టుకుని ఉంటారు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. గేట్ల ఇంజినీరు కన్నయ్యనాయుడు గారు, ఆయనతో పనిచేసినవాళ్లు పారే నీటిలోనే అడ్డుపలకలు దించి డ్యాంను కాపాడారు. ఆ పనికి చేతులెత్తి మొక్కాలి. అయితే 1953 నాటి గేట్లు ముసలివైపోయాయని ఆ రాత్రిదాకా తెలియదా? 33 గేట్లూ మార్చాల్సి వచ్చి 2025-26లో రెండో పంటకు నీళ్లు ఆపారు. దిగువ కాలువ కింద ఎమ్మిగనూరు, ఆదోని వైపు రైతులు ఆ ధర కట్టారు. అటుపక్క 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగి ఊళ్లే కొట్టుకుపోయాయి. ప్రాణాలు పోయినచోట పంట మాట ఎత్తడానికి నోరు రాదు గాని, పొలాల మీద పేరుకున్న ఇసుక మేటలు తీసుకోవడానికే ఆ రైతులకు ఏళ్లు పట్టింది.

ఇంతసేపూ రైతు అన్నాను. ఎవరు రైతు? మా వైపు గుత్తకు చేసేవాళ్లు లేని ఊరు లేదు. భూమి ఒకరిది, సేద్యం ఇంకొకరిది. పీఎం కిసాన్ భూమి ఉన్న కుటుంబానికే. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, 11 నెలల కార్డు, దానికి భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడాది గుత్త ఇవ్వడేమోనని సేద్యగాడి భయం. ఇద్దరి భయాలకూ కారణాలున్నాయి. 2004లో రాష్ట్రం వేసిన జయతీ ఘోష్ కమిషన్ గుత్తదార్లను గుర్తించమని గట్టిగా చెప్పింది. ఇరవయ్యేళ్లు దాటాయి. యజమాని సంతకం బదులు, చేలో పంట ఉన్నప్పుడు ఊరివాళ్ల ఎదుట ఈ-క్రాప్ పంట నమోదులో సేద్యం చేసేవాడి పేరు రాయడం చాలు. చేను ఎవరు దున్నుతున్నారో ఊళ్లో తెలియనివాడు లేడు. ఈ పేరు లేకపోవడం బతికినన్నాళ్లే కాదు, చచ్చాకా వెంటాడుతుంది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 7 లక్షలు ఇవ్వాలని 2019లో ఉత్తర్వు ఉంది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి కూర్చుని విచారిస్తారు. మొదట అడిగేది కాగితం. కార్డు లేని గుత్తదారు భార్య ఏ కాగితం చూపిస్తుంది?

కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం, హొళగుంద వైపు దసరా దాటితే ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు మిరప కోతలకు, తెలంగాణకు, కర్ణాటకకు పోతారు. దాన్ని సుగ్గి అంటారు. సుగ్గి అంటే నిజానికి పంట ఇంటికొచ్చే కాలం. మన జనం ఇంకొకరి పంట ఇంటికి చేర్చడానికి ఊరు విడవడాన్ని ఆ పేరుతో పిలుచుకుంటున్నారు. పిల్లలు కూడా పోతారు. అయివారు చివరి ఏళ్లలో తిరిగిన ఊళ్లు అవి. బడిలో హాజరు పట్టీ చూసి ఆ ఊరి పంట చెప్పేవారు. 2006 ఫిబ్రవరి 2న పక్క జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది, ఆ పథకం ఈ వలసను ఆపలేదు గాని నెమ్మదింపజేసింది. 2025 డిసెంబర్‌లో దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చారు. 100 రోజులు 125 అయ్యాయి, సంతోషం. ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలి. దానికి మించి నాకు భయం కలిగిస్తున్న షరతు ఒకటుంది: విత్తే కాలం, కోసే కాలం కలిపి 60 రోజులు పని ఆపాలట, ఆ రోజుల్ని రాష్ట్రం ముందే ప్రకటించాలట. కూలీలు సేద్యానికి దొరకాలని ఉద్దేశం. డెల్టాలో అది సరిపోవచ్చు. వాన రాని ఆరుద్రలో మా చేన్లలో పనెక్కడిది? ముందే అచ్చువేసిన ఆ 60 రోజుల్లో ఉపాధి పనీ ఉండదు, చేని పనీ ఉండదు. అదే జరిగితే దసరా దాకా కూడా ఆగరు. కోసిగి మండలానికి వాన చూసి తేదీ వేయాలి తప్ప అమరావతిలో క్యాలెండరు చూసి కాదు.

పంట మార్చుకోమని సలహాలిస్తారు. సరే, మారుద్దాం. 1906లో పెట్టిన నంద్యాల పరిశోధన స్థానం సూర్యనంది, రేనాడు లాంటి మంచి కొర్ర రకాలు ఇచ్చింది. మూడు నెలల్లోపు చేతికొచ్చే పంట, అదను కాస్త తప్పినా తట్టుకుంటుంది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరమన్నారు. కేంద్రం ఏటా ప్రకటించే మద్దతు ధరల జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి. కొర్ర ఇప్పటికీ లేదు. పత్తికొండలో టమాటా రోడ్డు మీద పారబోసిన ప్రతి ఏడూ గుజ్జు ఫ్యాక్టరీ మాట వింటాం, ధర పెరగగానే ఆ మాట వినబడదు. పులివెందుల, లింగాల వైపు 2025 మార్చిలో ఒక్క సాయంత్రం గాలికి అరటి తోటలు గెలలతో సహా పడుకున్నాయి. చేతికందే పంట అది. అరటికి, చీనీకి, బొప్పాయికి గాలివాన నష్టాన్ని ఇంకా ఎంతో కొంత దయతలచి ఇచ్చే విషయంగానే చూస్తున్నారు తప్ప వారంలో తేల్చాల్సిన బాకీగా ఎవరూ చూడడం లేదు.

డబ్బు లేదంటారు. ఉండకపోవచ్చు. ఇవాళ నేను అడిగినవాటిలో చాలా వాటికి అదనపు డబ్బు అక్కర్లేదు. రాయితీ విత్తనకాయలు మే 20కి ఊరి రైతు సేవా కేంద్రంలో ఉండాలి. పెట్టుబడి సాయం విత్తుకు ముందు పడాలి. కొనుగోలు కేంద్రం మొదటి బస్తా యార్డుకు వచ్చే రోజుకు తెరిచి ఉండాలి. కాలువ నీటి తేదీ, ఇవ్వగలిగినా ఇవ్వలేకపోయినా, నారు పోసే వేళకు చెప్పేయాలి. బ్యాంకు అప్పు తిరగరాయడం మార్చిలో మొదలుపెట్టి మేలో ముగించొచ్చు, ఇది నేను ఆ కుర్చీలో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను. వానలకు విరామం మూడు వారాలు దాటిన మండలంలో తనిఖీ ఆ వారంలోనే చేయాలి. ప్రతి పథకం వార్షిక నివేదికలో ఎంత ఇచ్చాం అన్న గడి పక్కన ఎప్పుడిచ్చాం అన్న గడి పెట్టాలి. ఆ గడి పెట్టిన రోజున మన ఎమ్మెల్యేలను శాసనసభలో అడగమనడానికి మన చేతిలో ఒక అంకె ఉంటుంది. ఇప్పుడు మన దగ్గర ఉన్నది గోడు మాత్రమే.

అయివారి పుస్తకంలో ఆఖరి రాత ఎడమ పేజీలో ఉంది. హస్త కార్తె, తెల్లవారుజామున వాన, మూరెడు పదును. ఎదురు పేజీ ఖాళీగా ఉంది. ఆ శనగ ఆయన కొడుకు విత్తాడు.

ఈ పుస్తకం జిరాక్సు తీయించి తెచ్చాను, బయట బల్ల మీద ఉంది, ఊరికొకటి తీసుకుపోండి. దాని వెంట తెల్లకాగితాల నోటుపుస్తకాలూ పెట్టించాను. చదువుకున్న పిల్ల ఎవరైనా సరే, ఊళ్లో ఒకరు బాధ్యత తీసుకుని ఈ తొలకరి మొదటి పదును నుంచి రెండు పేజీలూ రాయండి. వచ్చే ఏడాది ఈ సభకు వచ్చేటప్పుడు ఆ పుస్తకాలు తెండి. ఎర్రసిరా అంకెలు అందరం కలిసి కూడుదాం, కలెక్టర్ల దగ్గరికీ ఆ పుస్తకాలతోనే పోదాం.